పేపరా, టీవీనా, ఫోనా? తిరుపతి, చిత్తూరు వాళ్లు వార్తలకు దేన్ని నమ్ముకోవాలి

ఇంటికి పేపరు వేయించుకోవడం ఆపేద్దామా అన్న మాట ఇప్పుడు తిరుపతిలో చాలా ఇళ్లలో వినిపిస్తోంది. నెల మొదట్లో ఏజెంటు బిల్లు తెచ్చినప్పుడల్లా పిల్లలు "అన్నీ ఫోన్లో వస్తున్నాయి కదా" అంటారు. పెద్దవాళ్లకేమో పేపరు తిరగేయనిదే ఉదయం కాఫీ దిగదు. ఎవరి వాదన వాళ్లకు సరైనదే. కానీ దీన్ని నెల ఖర్చు లెక్కగా మాత్రమే చూడకూడదని నా అభిప్రాయం. మామిడికాయలు ఈ రోజు కోయాలా, రేపు కోయాలా? చెరువు కట్ట కింద ఉన్న ఇల్లు ఖాళీ చేయాలా? ఓటు ఎవరికి వేయాలి? ఇవన్నీ మనకు అందిన వార్తను బట్టి చేసే పనులు. వార్త తప్పయితే నష్టపోయేది మనమే.

అందుకే పేపరు, టీవీ, రేడియో, యూట్యూబ్, వాట్సాప్‌లను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూద్దాం.

## ముందు ఏం చూడాలి

ఎంత తొందరగా చెబుతుంది, ఎంత ఖర్చవుతుంది అని చాలామంది చూస్తారు. నేను మొదట చూసేది వేరు: వార్త తప్పని తేలితే ఎవరిని పట్టుకుని అడగాలి? రాసినవాళ్లకు ఒక పేరు, ఒక అడ్రస్, ఫిర్యాదు చేసుకోవడానికి ఒక చోటు ఉన్నాయా? ఇవి లేని చోట వచ్చిన మాట నిజమే కావచ్చు, కానీ దాన్ని నమ్ముకుని డబ్బు పెట్టలేం, ఊరు ఖాళీ చేయలేం.

రెండోది, మన మండలం దాకా వస్తుందా లేదా. ఢిల్లీ సంగతి, అమరావతి సంగతి ఎవరైనా చెబుతారు. పలమనేరు దగ్గర పొలాల్లో ఏనుగులు పడ్డాయని, శ్రీకాళహస్తి దారిలో వంతెన మీద నీళ్లు పారుతున్నాయని చెప్పేవాళ్లు తక్కువ.

మూడోది, దాన్ని నడిపించే డబ్బు ఎవరిది. యజమాని ఎవరు, ప్రకటనలు ఎవరివి అన్నది తెలిస్తే, ఏ వార్త పెద్దదవుతుందో, ఏది లోపలి పేజీకి పోతుందో ముందే అర్థమవుతుంది. వేగం, ఖర్చు, పాత వార్తను మళ్లీ వెతుక్కునే వీలు ఆ తర్వాత.

మొదటిదానికి ఇంత బరువు ఎందుకు ఇస్తున్నానంటే, పత్రికలకు స్వేచ్ఛ ఎంత ముఖ్యమో జవాబుదారీతనం కూడా అంతే ముఖ్యం. దీనికి సంబంధించి మన ప్రాంతంవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఒకప్పుడు పార్లమెంటులో సభ్యులు మాట్లాడిన మాటలను ఉన్నదున్నట్టు అచ్చేసినా పేపరు మీద పరువు నష్టం దావా వేసే వీలుండేది. ఆ భయం లేకుండా నిజాయితీగా రిపోర్టు చేసేవాళ్లకు రక్షణ ఇవ్వాలని అప్పటి ఎంపీ ఫిరోజ్ గాంధీ బిల్లు పెట్టారు. అది 1956లో చట్టమైంది. అప్పుడు లోక్‌సభ స్పీకరు మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. తిరుపతి నుంచి, తర్వాత చిత్తూరు నుంచి గెలిచినవారు. ఎమర్జెన్సీలో ఆ చట్టాన్ని రద్దు చేశారు, 1977లో మళ్లీ తెచ్చారు. సభలో మన ఎంపీ ఏం అడిగాడో, మంత్రి ఏం చెప్పాడో పొద్దున్నే మనం చదవగలుగుతున్నామంటే దాని వెనక ఇంత కథ ఉంది.

## ఒక్క చూపులో

| | తప్పయితే అడిగే చోటు | మన మండలం వార్త | వేగం | పాతది వెతుక్కోవడం |
|---|---|---|---|---|
| దినపత్రిక | ఎడిటర్, తర్వాత ప్రెస్ కౌన్సిల్ (పత్రికల మీద ఫిర్యాదులు వినే సంస్థ) | బాగా ఉంటుంది | మర్నాడు | సులువు |
| టీవీ న్యూస్ | ఛానెల్, తర్వాత దాని నియంత్రణ సంస్థ | పెద్ద ఘటనప్పుడే | వెంటనే | కష్టం |
| ఆకాశవాణి | ఉంది, ప్రభుత్వ రంగ సంస్థ | కొంత | వేళ ప్రకారం | కష్టం |
| యూట్యూబ్ ఛానెల్ | ఛానెల్‌ని బట్టి | కొన్నిట్లో చాలా బాగా | వెంటనే | ఉంటుంది, వాళ్లు తీసేయనంతవరకు |
| వాట్సాప్ గ్రూపు | లేదు | వీధి దాకా | అన్నిటికంటే ముందు | దాదాపు లేదు |

పట్టికలో పట్టనివే ఎక్కువ. ముఖ్యంగా పేపరు గురించి కాస్త వివరంగా చెప్పాలి.

## దినపత్రిక

ఏ పేపరైనా తీసి చూడండి. ఏదో ఒక పేజీలో, ఎక్కువగా చివరి పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో ప్రింటర్, పబ్లిషర్, ఎడిటర్ పేర్లు, అచ్చేసిన చోటు ఉంటాయి. అది అలంకారం కాదు. 1867 నాటి చట్టం నుంచీ అది తప్పనిసరి. ఆ చట్టం స్థానంలో 2023లో కొత్తది వచ్చింది. తప్పు రాస్తే నోటీసు ఎవరి పేరు మీద వెళ్లాలో ఆ రెండు లైన్లు చెబుతాయి. మిగతా మాధ్యమాల్లో ఇంత తేటగా ఏదీ కనిపించదు.

రెండో బలం జిల్లా పేజీలు. తెలుగు పత్రికల్లో జిల్లాకో అనుబంధం వేయడం అలవాటు చేసింది 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు. తర్వాత అందరూ అదే దారి పట్టారు. ఈ చిన్న పేజీలు ఎంత పని చేయగలవో మన పొరుగునే రుజువైంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడ్డారు. ఆ వార్త ఊరి పొలిమేర దాటి మిగతా ఊళ్లకు చేరింది పేపర్ల ద్వారానే. ఒక ఊరిది చదివి ఇంకో ఊరివాళ్లు కదిలారు. అది రాష్ట్రమంతా పాకి, 1995లో సంపూర్ణ మద్య నిషేధం దాకా వెళ్లింది. నిషేధం ఎక్కువ కాలం నిలవలేదు, అది వేరే చర్చ. కానీ ఒక పల్లె ఆడవాళ్ల మాట అసెంబ్లీ దాకా చేరడానికి మధ్యలో జిల్లా విలేకరి ఉండాలని అప్పుడు తేలిపోయింది.

బలహీనత కూడా అక్కడే ఉంది. మండల విలేకరుల్లో చాలామందికి సరైన నెల జీతం ఉండదు. పైగా పండగలకు, నాయకుల పుట్టినరోజులకు ప్రకటనలు తెచ్చే భారం వాళ్ల మీదే పడుతుంది. ఎవరి దగ్గర ప్రకటన అడగాలో వాళ్ల మీద వ్యతిరేక వార్త రాయడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. జిల్లా పేజీల్లో కాలేజీలు, ఆసుపత్రులు, రియల్ ఎస్టేట్ వెంచర్ల ప్రకటనలే ఎక్కువ. కాబట్టి వాటి మీద వచ్చే పొగడ్త వార్తలను కాస్త ఆచితూచి చదవండి. ప్లాటు కొనేముందు పేపరులో వార్త చూశానని ధైర్యపడకండి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ (ఆ స్థలం మీద జరిగిన లావాదేవీల పత్రం) తీయించుకోవడం పేపరు చేసే పని కాదు, మన పని.

ఇక ఏ పేపరు వేయించుకోవాలన్నది. యజమానులను దాచిపెట్టి మాట్లాడితే ఈ సలహాకు అర్థం లేదు. 2008లో మొదలైన సాక్షి వై.ఎస్.జగన్ కుటుంబానిది. ప్రజాశక్తి సీపీఎం వైపుది, విశాలాంధ్ర సీపీఐ వైపుది. ఈనాడు, ఆంధ్రజ్యోతి తెలుగుదేశానికి దగ్గరని వైసీపీ నాయకులు సభల్లోనే అంటుంటారు. ఇంత తెలిసి కూడా ఒకే పేపరు చదివి "నిజం ఇదే" అనుకోవడం మనకు మనం చేసుకునే అన్యాయం.

2024 సెప్టెంబరులో లడ్డూ నెయ్యి వివాదం వచ్చినప్పుడు ఈ విషయం తిరుపతివాళ్లందరికీ అనుభవమైంది. రెండు పేపర్లు పక్కపక్కన పెట్టి చదివితే రెండు వేరు వేరు ఊళ్ల సంగతులేమో అనిపించేలా ఉండేవి హెడ్డింగులు. దేశంలోని ఛానెళ్లన్నీ మన కొండ గురించే మాట్లాడాయి. అలాంటప్పుడు నాయకుడి ప్రకటన, ల్యాబ్ రిపోర్టు, కోర్టు ఉత్తర్వు ఈ మూడింటినీ విడదీసి చదివినవాళ్లకే తల తిరగకుండా మిగిలింది. అక్టోబరు 4న సుప్రీంకోర్టు సీబీఐ అధికారులు, రాష్ట్ర పోలీసులు, ఆహార భద్రతా సంస్థ అధికారి కలిసిన ఐదుగురు సభ్యుల దర్యాప్తు బృందాన్ని వేయమంది. ఆ ఉత్తర్వు మాత్రం ఏ పేపరు చదివినా ఒకటే. రాజకీయ గొడవ పెద్దదయ్యే కొద్దీ వార్తలో ఇలాంటి గట్టి ముక్క ఎక్కడుందో వెతకండి.

నా సలహా: ఒకటి ఇంటికి వేయించుకోండి, దానికి ఎదురు వైపుది ఈ-పేపరులోనో గ్రంథాలయంలోనో చూడండి. రోజూ కుదరకపోతే, ఊళ్లో గొడవ జరుగుతున్న రోజుల్లోనైనా చూడండి. నగరి, సత్యవేడు, కుప్పం వైపు ఉన్నవాళ్లలో తమిళం చదవగలిగేవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. మన రాజకీయాలతో సంబంధం లేని తమిళ పేపర్లు సరిహద్దు వార్తలను ఇంకో కోణంలో చూపిస్తాయి.

## టీవీ న్యూస్

2004లో టీవీ9 వచ్చాక తెలుగులో ఇరవై నాలుగు గంటల వార్తలు అలవాటయ్యాయి. టీవీ గొప్పతనం, లోపం రెండూ 2025 జనవరి 8 రాత్రి కనిపించాయి. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం బైరాగిపట్టెడ దగ్గర తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. తమవాళ్లు క్యూలో ఉన్న కుటుంబాలకు ఆ రాత్రి మర్నాటి పేపరు దేనికీ పనికిరాదు. టీవీ, ఫోనే దిక్కు. అయితే మృతుల సంఖ్య గంటగంటకూ మారింది. అది ఎవరి తప్పని చెప్పలేం, అలాంటి సమయంలో నిజం అలాగే కొంచెం కొంచెంగా బయటపడుతుంది. బాధ ఏమిటంటే, తర్వాత జరిగిన న్యాయ విచారణ, ఎవరిని బాధ్యులను చేశారు, టోకెన్ల పద్ధతిలో ఏం మార్చారు అన్న సంగతుల దగ్గరికి వచ్చేసరికి పెద్ద ఛానెళ్ల కెమెరాలు ఇంకో చోటికి వెళ్లిపోతాయి. తెలుగు న్యూస్ ఛానెళ్లలో చాలావాటి స్టూడియోలు హైదరాబాదులో ఉన్నాయి. మనం వాళ్లకు కనిపించేది ప్రమాదం జరిగినప్పుడు, ప్రముఖులు దర్శనానికి వచ్చినప్పుడే.

రాత్రి డిబేట్ల గురించి ఒక్క మాట. వాటిని వార్తల లెక్కలో వేయకండి. నలుగురు అరుచుకున్నాక మనకు కొత్తగా తెలిసింది ఏముందని ప్రశ్నించుకుంటే, చాలా రోజుల్లో జవాబు రాదు. వినేవాళ్లకు టెన్షన్ మాత్రం మిగులుతుంది, ముఖ్యంగా బీపీ ఉన్న పెద్దవాళ్లకు.

డీడీ ఫ్రీ డిష్ పెట్టించుకుంటే నెల నెలా కట్టాల్సింది ఉండదు, దూరదర్శన్ సప్తగిరి అందులో వస్తుంది. అరుపులు ఉండవు. ప్రభుత్వ కార్యక్రమాలు ఎక్కువ, ప్రభుత్వాన్ని నిలదీసేవి తక్కువ. 2008లో మొదలైన ఎస్‌వీబీసీని కొందరు టీటీడీ వార్తలకు చూస్తారు. ఉత్సవాలు, ప్రవచనాల ప్రత్యక్ష ప్రసారాలకు దానికి సాటి లేదు, కానీ అది టీటీడీ సొంత ఛానెల్. టీటీడీ పాలన మీద ప్రశ్నలకు అక్కడ జవాబు వెతకడం సరికాదు.

## ఆకాశవాణి

రేడియోను చాలామంది లెక్కలోంచే తీసేశారు. ఆకాశవాణి తిరుపతి కేంద్రం ఇంకా ఉంది, ఫోన్ యాప్‌లోనూ వినవచ్చు. మన దేశంలో ప్రైవేటు ఎఫ్‌ఎంలకు సొంతంగా వార్తలు తయారు చేసే అనుమతి లేదు, కావాలంటే ఆకాశవాణి వార్తలను ఉన్నవి ఉన్నట్టు ప్రసారం చేసుకోవచ్చు. అంటే రేడియో వార్తంటే ఆకాశవాణే. ప్రభుత్వ రంగ సంస్థ కాబట్టి విమర్శ తక్కువ. కానీ పది నిమిషాల్లో దేశం, రాష్ట్రం సంగతులు అరుపులు లేకుండా వినాలనుకునేవాళ్లకు, పొలంలో చేతులు ఖాళీ లేనివాళ్లకు, చూపు తగ్గినవాళ్లకు దీనికి మించింది లేదు.

## యూట్యూబ్ ఛానెళ్లు

ఇక్కడ తేడాలు ఆకాశానికీ భూమికీ ఉన్నంత. పెద్ద పేపరు పట్టించుకోని డ్రైనేజీ సమస్యను, చెరువు ఆక్రమణను రోజుల తరబడి వెంటాడే స్థానిక ఛానెళ్లు ఉన్నాయి. కార్పొరేషన్ కదిలేదాకా వదలరు. వాళ్లను గౌరవించాలి. అదే సమయంలో, చేతిలో లోగో ఉన్న మైకు పట్టుకుని వ్యాపారుల దగ్గరికి వెళ్లి బెదిరించేవాళ్లూ ఉన్నారు. ఇద్దరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

తేడా పట్టుకోవడానికి ఛానెల్ వివరాల పేజీ చూడండి. నడిపేవాళ్ల పేరు, ఊరు, ఫోన్ ఉన్నాయా? రెండోది, థంబ్‌నెయిల్ మీద రాసింది వీడియోలో నిజంగా ఉందా? మూడోది, ఆరోపణ చేసినప్పుడు అవతలివాళ్ల మాట కూడా పెట్టారా? మూడింటికీ అవునని జవాబు వస్తే ఆ ఛానెల్‌ను ధైర్యంగా చూడొచ్చు. పేరు, ఊరు కూడా చెప్పని ఛానెల్ ఎంత బాగా మాట్లాడినా దాన్ని నమ్ముకుని ఏ పనీ చేయకండి.

## వాట్సాప్ గ్రూపులు

2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధులు ఏరులయ్యాయి. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు లీకేజీ వచ్చి కింద ఊళ్లను ఖాళీ చేయించారు. కట్ట నిలబడింది, కానీ ఆ రోజుల్లో ఆ ఊళ్లవాళ్లకు గంటగంటకూ సమాచారం కావాలి. అలాంటప్పుడు ఊరి గ్రూపులో "మా వీధిలోకి నీళ్లు వచ్చాయి" అని తెలిసినవాళ్లు పెట్టిన మెసేజ్ ఏ ఛానెల్ ఇవ్వలేని వార్త. చూసినవాళ్లు, చూసిన వెంటనే, తమ పేరుతో చెబుతున్నారు.

అదే గ్రూపులో రెండు బాణాల గుర్తుతో వచ్చే ఫార్వర్డ్ పూర్తిగా వేరే జాతి. అది ఎవరు మొదలుపెట్టారో పంపినవాళ్లకే తెలియదు. ఆ గుర్తు ఉన్నదాన్ని ఒకసారికి ఒక చాట్‌కు మించి పంపనివ్వకుండా 2020లో వాట్సాప్ కట్టడి పెట్టింది. ఆ కంపెనీయే అనుమానపడి అడ్డుకట్ట వేసిన సరుకును మనం ఎందుకు నమ్మాలి?

ముఖ్యంగా పేపరు కటింగులు. ప్రసిద్ధ పత్రిక లోగో, అదే అక్షరాల తీరు, అదే రంగు పెట్టి దొంగ క్లిప్పింగులు తయారు చేయడం ఎన్నికలప్పుడు మామూలైపోయింది. కటింగ్ చూసి నమ్మే ముందు ఆ తేదీ ఈ-పేపరు తెరిచి చూడండి. అందులో లేకపోతే అది దొంగదే అనుకోండి. దర్శనం టికెట్లు, సేవల కోటా గురించి వచ్చే మెసేజ్‌లకైతే టీటీడీ అధికారిక వెబ్‌సైట్ తప్ప వేరే దారి లేదు. దొంగ వెబ్‌సైట్లలో డబ్బు కట్టి అలిపిరి దాకా వచ్చి ఏడ్చే యాత్రికుల గురించి ఈ ఊళ్లో లాడ్జి నడిపే ఎవరిని అడిగినా చెబుతారు. వాన, పిడుగు హెచ్చరికలకు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఇచ్చే మెసేజ్‌లే ప్రమాణం.

## ఎవరికి ఏది

మామిడి రైతుకు. 2025లో తోతాపురి ధర పడిపోయినప్పుడు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, పైన తాను 4 రూపాయలు కలుపుతానని ప్రభుత్వం ప్రకటించింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర అంత రావడం లేదని రైతులు రోడ్డెక్కారు. ప్రకటన పేపరులో కచ్చితంగా దొరుకుతుంది. అసలు ధర బంగారుపాళ్యం యార్డుకు ఆ ఉదయం వెళ్లిన తోటి రైతు ఫోన్లోనే దొరుకుతుంది. కాబట్టి జిల్లా పేపరు, తెలిసిన రైతుల గ్రూపు రెండూ ఉంచుకోండి. టీవీ అవసరం తక్కువ. పేపరులో వచ్చిన సబ్సిడీ వార్తను కత్తిరించి దాచుకోండి, ఆఫీసులో అడిగేటప్పుడు చేతిలో తేదీతో సహా ఆధారం ఉంటుంది.

గ్రూప్స్, సివిల్స్‌కు చదివే పిల్లలకు. ఒక తెలుగు పేపరు, ఒక ఇంగ్లీషు పేపరు, ఆకాశవాణి బులెటిన్. డిబేట్లు, షార్ట్ వీడియోలు చదువు సమయాన్ని తినేస్తాయి. నెలవారీ కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్‌లు సారాంశం ఇస్తాయి కానీ, ఒక విషయం ఎలా మొదలై ఎలా మలుపు తిరిగిందో రోజూ చదివినవాళ్లకే తెలుస్తుంది.

లాడ్జి, ట్యాక్సీ, హోటల్ నడిపేవాళ్లకు. మీకు వేగం కావాలి. టీటీడీ అధికారిక ప్రకటనలు, ఒక నమ్మకమైన స్థానిక యూట్యూబ్ ఛానెల్, ఘాట్ రోడ్డు మీద తిరిగే డ్రైవర్ల గ్రూపు చాలు. పేపరు కస్టమర్ల కోసం రిసెప్షన్‌లో ఉంటే మంచిదే.

ఇంట్లో పెద్దవాళ్లకు. పేపరు ఆపకండి, నా మాట వినండి. ఫోన్ ఇచ్చి పేపరు తీసేస్తే వాళ్ల చేతికి వెళ్లేది ఫార్వర్డ్‌ల కుప్ప. వాళ్లు నమ్మిన తప్పుడు మందుల వీడియోకు అయ్యే ఖర్చు ముందు పేపరు బిల్లు ఏపాటి?

ఎన్నికల వేళ అందరికీ. 2009 ఎన్నికల తర్వాత డబ్బు తీసుకుని వార్తలా అచ్చేసే పద్ధతి మీద దేశమంతా చర్చ జరిగి, 2010లో ప్రెస్ కౌన్సిల్ నివేదిక తయారు చేసింది. గుర్తుపట్టడం మరీ కష్టం కాదు. ఒక అభ్యర్థి గురించి ఒకే ఫొటో, దాదాపు ఒకే మాటలు రెండు పేపర్లలో ఒకే రోజు వస్తే, రాసిన విలేకరి పేరు లేకపోతే అనుమానించండి. అలాంటివి పరిశీలించడానికి ఎన్నికల సంఘం జిల్లాకో మీడియా కమిటీ పెడుతుంది, ఫిర్యాదు కలెక్టరేట్‌లో ఇవ్వవచ్చు. పోలింగ్ పూర్తయ్యేదాకా ఎగ్జిట్ పోల్ వేయడం చట్టప్రకారం నేరం. 2024లో మన దగ్గర మే 13న ఓట్లు పడ్డా, చివరి విడత అయ్యాక జూన్ 1 సాయంత్రమే అవి బయటికొచ్చాయి. మధ్యలో గ్రూపుల్లో తిరిగిన "సర్వే" ఏదైనా ఊహే.

## తప్పు వార్త వస్తే

పేపరులో వస్తే ముందు ఎడిటర్‌కు రాతపూర్వకంగా పంపండి, కటింగ్ జతచేయండి. సవరణ వేయకపోతే వార్త వచ్చిన రెండు నెలల్లోగా ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్లవచ్చు. కౌన్సిల్ జరిమానా వేయలేదు, హెచ్చరించగలదు, తప్పుపట్టగలదు. పేపరు పరువుకు అది చిన్న దెబ్బేమీ కాదు. టీవీకైతే గడువు తక్కువ, ప్రసారమైన ఏడు రోజుల్లోగా ముందు ఛానెల్‌కే ఫిర్యాదు వెళ్లాలి. కాబట్టి కార్యక్రమం పేరు, తేదీ, టైమ్ అప్పుడే రాసిపెట్టుకోండి, వీలైతే ఫోన్లో రికార్డు చేయండి. వాట్సాప్ ఫార్వర్డ్ ప్రభుత్వ పథకం గురించైతే కేంద్రం విషయాలకు పీఐబీ (కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం) ఫ్యాక్ట్ చెక్ ఉంది. మన సచివాలయం పరిధిలోదైతే నేరుగా వెళ్లి అడగడమే త్వరగా తేలే దారి. అక్కడా చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి.